ఎండ వస్తుందన్న కబురు

ఎండ వస్తుందని మా పెద్దనాయన చెప్పాడు కాబట్టే వాన వస్తుందని నేను నమ్మాను. పద్దెనిమిదేళ్ళ వయసులో నా తెలివి అంతవరకే పనిచేసింది.

ఎనభైలలో సంగతి. కారేపల్లికి నాలుగు మైళ్ళు లోపలికి, అడవి మొదలయ్యే చోట మాకు మిరప చేను ఉండేది. మా చేనును ఆనుకునే పెద్దనాయన చేను. ఒకప్పుడు రెండూ ఒకటే. పంపకాలప్పుడు నడుమ ఒక కంచె వచ్చింది. ఇంట్లో ఉన్న రేడియో పెద్దనాయనకు పోయింది, గోడ గడియారం మాకు వచ్చింది. గడియారం రోజుకు పావుగంట వెనక పడేది. రేడియో మంచిది కాబట్టే ఆయన తీసుకున్నాడని నేను చాలాకాలం మనసులో పెట్టుకున్నాను. నిజానికి ముందు ఎంచుకున్నది మా నాయనే. గడియారానికి అద్దం ఉంది, బాగుందని ముచ్చటపడ్డాడట.

నాకు చిన్నప్పటి నుంచీ అనుమానం జాస్తి. కిరోసిన్ డబ్బా ఇంటికి తెచ్చాక ఊపి చూసేదాన్ని. పాలు పోయించుకుంటే గిన్నె వంచి చూసేదాన్ని. బస్సు మీద కారేపల్లి అని బోర్డు ఉన్నా కండక్టరును అడిగి, ఆయన అవునన్నాక పక్క సీటు వాళ్ళను మళ్ళీ అడిగేదాన్ని. మా అమ్మ నన్ను పోలీసు అని వెక్కిరించేది. నేను మురిసిపోయేదాన్ని. ఊళ్ళో అందరూ మోసపోతున్నారు, నేనొక్కదాన్నే కళ్ళు తెరుచుకుని ఉన్నానని గట్టి నమ్మకం. పది పాసయ్యాను కూడా. మా ఇంట్లో పది పాసైన మొదటి మనిషిని నేనే. ఆ గొప్ప ఒకటి పైన.

మా నాయనా పెద్దనాయనా మాట్లాడుకోవడం మానేసింది కూడా నా పుణ్యమే. బావికి ఇద్దరికీ కలిపి ఒక ఆయిల్ ఇంజిన్ ఉండేది. వంతులవారీగా నీళ్ళు పెట్టుకునేవాళ్ళు. ఒకసారి మా వంతు రోజున ఇంజిన్ ఆగిపోయింది. మెకానిక్ వచ్చి విప్పి చూసి డీజిల్‌లో నీళ్ళు కలిశాయన్నాడు. ఆ ఆదివారం చర్చి అయిపోయి అందరూ బయట చెప్పులు వెతుక్కుంటున్నప్పుడు, డీజిల్‌లో నీళ్ళు వాటంతటవే నడిచి రావు, ఎవరో పోస్తేనే వస్తాయని గట్టిగా అన్నాను. పెద్దనాయన నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. ఆయన నా మొహంలోకి చూసి వెళ్ళిపోయాడు. టాంకీ మూత పోయి నెలరోజులైందనీ, దానికి మేమే గుడ్డ కుక్కి పెట్టామనీ, ఇంజిన్ ఆగడానికి ముందు రోజు వాన పడిందనీ నాకు తెలుసు. తెలిసి కూడా అన్నాను. నా మాట నిజం కాదని మా నాయనకూ తెలుసు. అయినా కూతురిని నలుగురిలో తప్పుపట్టలేక నా పక్కనే నిలబడ్డాడు. తరువాతి ఆదివారం నుంచి పెద్దనాయన చాప చర్చిలో వెనక్కి, తలుపు దగ్గరికి జరిగింది.

మాటలు లేకపోయినా చేలు పక్కపక్కనే కదా. నీళ్ళ వంతులు, ఎడ్లు, కోతకు వచ్చే కూలోళ్ళు, ఏదో ఒకటి చెప్పుకోవాల్సి వచ్చేది. దానికి మా వైపు ఒక పద్ధతి ఉంది. ఎడమొహం పెడమొహంగా ఉన్న ఇద్దరి నడుమ ఇంట్లో పిల్లనో పిల్లవాడినో నిలబెడతారు. చెప్పేవాడు పిల్లతో చెబుతాడు. వినాల్సినవాడు మూడడుగుల దూరంలోనే ఉంటాడు, ప్రతి మాటా చెవిన పడుతూనే ఉంటుంది, కానీ పిల్ల తిరిగి చెప్పేదాకా విననట్టే ఉంటాడు. వినపడింది కదా అని ముందే జవాబిస్తే మాట కలిపినట్టవుతుంది. మాట కలిపితే తగ్గినట్టు. పెద్దనాయన భార్య చనిపోయింది, కూతుళ్ళకు పెళ్ళిళ్ళయి దూరం వెళ్ళారు. మా ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే. కాబట్టి రెండేళ్ళు ఆ అన్నదమ్ముల నడుమ మాటలన్నీ నా నోటి మీదుగానే నడిచాయి.

ఆ పని నాకు బాగా నచ్చిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు ఎప్పుడూ చెప్పలేదు. మాటకు కొంచెం ఉప్పూ కారం నేనే చల్లేదాన్ని. రేపు ఎడ్లు కావాలని ఆయన అడిగితే, రేపే కావాలంట అనేదాన్ని. ఆ ఒక్క అక్షరంతో నాయన కనుబొమలు ముడిపడేవి. ఆ ముడి చూసి నాకేదో పెద్దపని చేసినట్టుండేది.

ఇక మిరప సంగతి. మేము పండించే కాయ మా నాయనమ్మ తెచ్చింది. గోదావరి అవతల తన పుట్టింటి నుంచి కొంగున కట్టుకొచ్చిన గింజ అది. తోలు మందం, రంగు చిక్కటి ఎరుపు, కారం మరీ నషాళానికి ఎక్కదు. ఏడాదికొకసారి, రెండో కోత ఎండాక అమ్మ కల్లంలో కూర్చుని విత్తనం కాయ ఏరేది. మొదటి కోత కాయ ఎంత బాగున్నా విత్తనానికి తీయదు, ఆఖరి కోత అసలే పనికిరాదు. రెండో కోతలోనే, నిండుగా ఉన్నవి, వంకర లేనివి, మచ్చ లేనివి ఒళ్ళో వేసుకుని ఏరేది. పెళ్ళయి వచ్చినప్పుడు నాయనమ్మ నేర్పిన పని అది. ఆ గింజ పోతే మళ్ళీ దొరకదు. ఆ కాయ మా చేనులో ఉండేది, పెద్దనాయన చేనులో ఉండేది, అంతే. మేము ఆయన్ని అడిగే ప్రశ్నే లేదు.

ఆ ఏడు మాఘమాసంలో, రెండో కోత కల్లంలో మూడు రోజులు ఎండి ఇంకా సగం పచ్చిగా ఉండగా, మబ్బు పట్టింది. మాఘంలో వాన పడదు, మంచు పడుతుంది, అంతే. కానీ ఆ సంవత్సరం మొదట చల్లగాలి వీచింది, తరువాత సన్నటి జల్లు మొదలైంది. పెద్ద వాన కాదు. తడుస్తున్నామని కూడా తెలియకుండా తడిపే జల్లు. అడవి వైపు నుంచి వస్తుంది, ఆగుతుంది, నమ్మి బయటికొస్తే మళ్ళీ వస్తుంది. నాయనా అమ్మా నేనూ ఉరుకులు పరుగుల మీద కాయంతా కుప్ప చేశాం. యూరియా సంచులు విప్పి నేనే మిషను మీద కుట్టిన పెద్ద పట్ట ఒకటి ఉండేది. అది కప్పి చుట్టూ రాళ్ళు పెట్టాం.

మూడు రోజులు అదే ముసురు. కల్లం పక్కన పాకలో గోనెలు కప్పుకుని కూర్చున్నాం. తెచ్చుకున్న జొన్నరొట్టెలు మెత్తబడ్డాయి, పొయ్యి అంటుకోలేదు, పుల్లలన్నీ పొగే. అమ్మ ఊరికే ఆకాశం చూసేది. నాయన ఊరికే పట్ట చూసేవాడు. నేను కంచె అవతల పెద్దనాయన ఏం చేస్తున్నాడో చూసేదాన్ని. ఆయన కల్లంలోనూ కుప్ప పడింది, దాని మీద తాటాకులు, వాటిపైన పట్ట. ముసురు పట్టే రోజునే ఆయన కాయ కోత అయింది.

మూడోరోజు సాయంత్రం జల్లు ఆగింది. పడమటి వైపు కొంచెం తెల్లబడింది. అప్పుడు వచ్చాడు పెద్దనాయన, దారి వైపు నుంచి. కంచె దగ్గర నిలబడి, నాయన పట్ట అంచు సరిచేస్తుండగా, నన్ను పిలిచాడు.

"మీ నాయనకు చెప్పు బిడ్డా. ముసురు పోయిందంట. రేపటిసంది పొడి ఎండలే అని రేడియోల చెప్పిండ్రు. పట్ట తీసి కాయ పరుచుకొమ్మను. తడి కాయ గట్ల కప్పి పెడితే వేడి పుడతది."

నాయన చెయ్యి పట్ట మీద ఆగింది. విన్నాడు. విన్నాడని నాకు తెలుసు, పెద్దనాయనకూ తెలుసు. ఇక నేను తిరిగి చెప్పాలి.

రెండేళ్ళుగా అవసరం లేనిదే కంచె దగ్గరికి రాని మనిషి మా కాయ గురించి చెప్పడానికి ఎందుకు వచ్చాడు? నా బుర్రలో మొదట లేచిన ప్రశ్న అది. రెండోది వెంటనే లేచింది. ఎండే వస్తుంటే ఆయన పట్ట ఎందుకు తీయడం లేదు? కంచె మీదుగా చూస్తే ఆయన కుప్ప కప్పినట్టే ఉంది, రాళ్ళు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. తీసే ఆలోచన ఉన్న కల్లంలా లేదు. మేము పరిచాక వాన పడితే, చర్చి ముందు నేనన్న మాటకు చెల్లుకు చెల్లు. నా లెక్క అదీ.

"నాయనా, పెద్దనాయన పట్ట తీయమంటుండు" అని చెప్పి, అక్కడితో ఆపకుండా, "ఎందుకు తీయమంటుండో నాకైతే తెల్వదు" అన్నాను.

కంచె అవతల ఆయన కండువా దులుపుకుని ఇంటిదారి పట్టాడు. నాయన నా వైపు చూసి, నువ్వేమంటావని అడిగాడు. అమ్మను అడగలేదు, నన్ను అడిగాడు. పది పాసైన పిల్లను కదా. పొద్దున్నదాకా చూద్దామన్నాను.

ఇంటికి వెళ్ళాక పరీక్ష మొదలుపెట్టాను. పెద్దనాయన ఇల్లు మా ఇంటికి గోడ అవతలే. సాయంత్రం వార్తలప్పుడు రేడియో పెద్దగా పెట్టేవాడు. వార్తలు అయ్యాక వాతావరణం చెప్పేవాళ్ళు. అక్కడక్కడా జల్లులు పడవచ్చును అనేవాళ్ళు. ఆ అక్కడక్కడాలో మా ఊరు ఉందో లేదో ఎన్నడూ తేలేది కాదు, అందుకని ఆ వార్తల మీద కూడా నాకు నమ్మకం లేదు. అయినా ఆ సాయంత్రం గోడకు చెవి ఆనించి నిలబడ్డాను. చప్పుడు లేదు. వార్తల వేళ వచ్చింది, దాటింది. రేడియో మోగలేదు. ఆలోచిస్తే దానికి ముందు రోజు కూడా మోగినట్టు లేదు. అంతే, నాకు దొంగ దొరికినంత సంబరమైంది. మూగపోయిన రేడియోలో వార్త ఎలా విన్నాడో అడగమని అమ్మతో అన్నాను. అమ్మ అన్నం వడ్డిస్తూ నా మొహం చూసింది, ఏదో అనబోయి ఊరుకుంది.

మర్నాడు పొద్దున మంచు. పొద్దెక్కినా ఇల్లందు వైపు ఒక మబ్బు తునక కదలకుండా ఉంది. అది చూపించి నాయనను ఆపాను. మధ్యాహ్నానికి అదీ పోయింది. ఎండ వచ్చింది, కానీ పలచగా, నీరసంగా ఉంది. ఇది నిలబడే ఎండ కాదని నేను తేల్చేశాను. ఊళ్ళో మిగతావాళ్ళు పట్టలు తీశారని అమ్మ చెప్పింది. వాళ్ళ కుప్పలు చిన్నవి, ఇంటికి ఆరుగురున్నారు, చినుకు పడితే చిటికెలో ఎత్తుకుంటారు, మనం ముగ్గురం ఎత్తేసరికి అంతా నానిపోతుందని చెప్పాను. మాట సబబుగానే ఉంది. నా మాటలన్నీ సబబుగానే ఉండేవి, అదే వచ్చిన చిక్కు.

రెండో రోజు ఎండ ముదిరింది. రాత్రి చలి కూడా తగ్గింది. మూడు రోజులు దుప్పట్లలో ముడుచుకున్న ఊరు ఒక్కసారిగా చొక్కాలు విప్పుకుని తిరిగింది. గాలి లేదు. చెమట పోస్తోంది. దీన్ని ఎండ అని ఎవరైనా ఒప్పుకుంటారు, నేను ఒప్పుకోలేదు. ఇంత ఉక్క పోస్తుందంటే సాయంత్రానికి వాన తప్పదని నా వాదన. మా వైపు అందరూ అనే మాటే అది, ఉక్కపోస్తే వాన అని. వేసవిలో అయితే నిజమే. మాఘంలో ఎవరూ అనరు. నేను అన్నాను. చల్లగా ఉంటే వాన పోలేదన్నాను, వేడిగా ఉంటే వాన వస్తుందన్నాను. ఆ దేవుడే దిగొచ్చి ఎండ కాసినా నా దగ్గర జవాబు తయారుగా ఉండేది.

ఆ రోజు నాయన పట్ట కిందికి చెయ్యి పోనిచ్చి చాలాసేపు ఉంచాడు. తీశాక అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"వేడి పుట్టింది బిడ్డా."

"ఎండకు పట్ట కాగింది నాయనా, కాయ కాదు" అన్నాను.

ఆయన నలభై ఏళ్ళు మిరప పండించిన మనిషి. చెయ్యి పెడితే కాయలో తడి ఎంత ఉందో చెప్పగలడు. కానీ కూతురు అంత గట్టిగా చెప్పేసరికి తన చేతిని తానే నమ్మలేదు. ఆ సాయంత్రం వరకూ కల్లం చుట్టూ తిరిగాడు. పట్ట ముట్టలేదు. ఇప్పటికీ ఆ తిరగడం తలుచుకుంటే నా మీద నాకే అసహ్యమేస్తుంది.

మూడోరోజు పెద్దనాయన తన పట్ట తీశాడు. కంచె అవతల కాయ పరుస్తున్న చప్పుడు విని పరుగెత్తాను. కల్లమంతా ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంది. అప్పుడు కూడా, ఇన్నాళ్ళూ ఆగి ఈరోజే ఎందుకు తీశాడా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. నిలబడ్డాక మెల్లగా తట్టింది. కొత్తగా కోసిన కాయను వెంటనే ఎండలో వేయరు. కుప్ప పోసి కప్పి మగ్గబెడతారు, అప్పుడే రంగు ఒకే తీరుగా దిగుతుంది. ఆయన కాయ ముసురు పట్టే రోజున కోసింది. చల్లటి రోజుల్లో మగ్గడానికి ఇంకో రెండు రోజులు ఎక్కువే పడుతుంది. మేము మా కాయకూ అలాగే చేశాం, అప్పుడు పట్ట కప్పింది నేనే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్న పని. ఆయన కుప్ప మీద మాత్రం నాకు పన్నాగంలా కనపడింది.

వెనక్కి తిరిగేసరికి నాయన రాళ్ళు తీసేస్తున్నాడు. నన్ను అడగలేదు. పట్ట ఒక అంచు పట్టుకుని అమ్మ, ఇంకో అంచు పట్టుకుని ఆయన లాగారు.

మొదట ఆవిరి లేచింది. తరువాత వాసన. పుల్లటి వాసన, మగ్గి చెడిన వాసన, కళ్ళు మండించే ఘాటు దానిలో కలిసి. పైన ఒక పొర కాయ ఎర్రగానే ఉంది. నాయన పారతో లోపలికి తీస్తే నడుమ అంతా బూజు. ఎర్రగా ఉండాల్సిన కాయ పాలిపోయి తెల్లగా, చేత్తో పట్టుకుంటే జారిపోయేలా ఉంది. కొన్ని ఒకదానికొకటి అంటుకుని ముద్దలు కట్టాయి. పైన ఎండ మంచి ఎండ, రేడియో చెప్పిన పొడి ఎండ, ఎక్కడా మబ్బు లేదు.

అమ్మ కుప్ప పక్కన కూలబడింది. పైపొర కాయ ఒళ్ళో వేసుకుని ఏరడం మొదలుపెట్టింది. నిండుగా ఉన్న కాయ ఒకటి విరిచి చూసింది. పసుపుపచ్చగా ఉండాల్సిన గింజ గోధుమ రంగుకు తిరిగి, వేలితో నొక్కితే నలిగిపోయింది. ఇంకొకటి విరిచింది, ఇంకొకటి విరిచింది. పది విరిచాక ఆపేసింది. అత్త ఇచ్చిన గింజ తన చేతుల్లో పోయిందని ఏడ్చింది. నా చేతుల్లో పోయిందని అనలేదు. అనుంటే బాగుండేది. నాయన బూజు కాయ పారతో పక్కకు తీయడం మొదలుపెట్టాడు. ఆయన తిట్టకపోయేసరికి నాకు ఆయన మీదే కోపం వచ్చింది, ఎంత చెడ్డదాన్నో చూడండి.

ఆరోజు ఇంటికి నడుస్తుంటే అమ్మ చెప్పింది. ముసురుకు పెద్దనాయన రేడియోలో సెల్లులు అయిపోయాయట. మామూలుగా పాత సెల్లులు ఎండలో పెట్టి మళ్ళీ వాడుకునేవాడు, మూడు రోజులు ఎండ లేక అవి లేవలేదు. అందుకని కొత్తవి కొనడానికి ఆ వానలోనే కారేపల్లి నడిచి వెళ్ళాడు. కొత్త సెల్లులు దొరకలేదు. అక్కడ హోటల్లో రేడియో మోగుతుంటే వాతావరణం విని, తిరిగొస్తూ ఇంటికి కూడా పోకుండా నేరుగా మా కంచె దగ్గరికి వచ్చాడు. వెళ్ళేటప్పుడు అమ్మకు దారిలో ఎదురై చెప్పే వెళ్ళాడు, మిగతాది ఆ సాయంత్రం ఇంటి దగ్గర చెప్పాడట.

"మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదే?" అన్నాను.

"చెప్తే నమ్మేదానివా?" అంది అమ్మ.

తరువాత చాలా రోజులు ఇంట్లో గింజ మాటే. ఖమ్మంలో ప్యాకెట్ విత్తనాలు దొరుకుతాయి, ఊళ్ళో సగం మంది అప్పటికే వాటికి మారారు. నాయనకు మనసొప్పలేదు. నాకు మనసొప్పకపోవడానికి కారణం వేరు. ప్యాకెట్ మీద బొమ్మ చూసి నమ్మే రకాన్ని కాదు నేను. అమ్మ మాత్రం ఆ చెడిపోయిన కాయలోనే రోజూ కూర్చుని ఏరేది. చెంబెడు గింజ పోగేసి నీళ్ళల్లో వేస్తే అన్నీ పైకి తేలాయి.

ఆ తేలిన గింజ చూశాక నాయన నన్ను కంచె దగ్గరికి తీసుకెళ్ళాడు. అవతల పెద్దనాయన ఎండిన కాయ గోనెలకు ఎత్తుతున్నాడు. వాన పోయిన దగ్గర నుంచి ఒక్క చినుకు లేదు, అప్పటికి వడగాలి మొదలైంది, మోదుగులు పూసి రాలిపోయాయి. నాయన కంచె మీద చెయ్యి వేసి, అన్న వైపు చూడకుండా నాతో అన్నాడు.

"మీ పెద్దనాయనకు చెప్పు. మా గింజ పోయింది. నార్లకు గింజ గావాలని అడుగు."

పెద్దనాయన ఎత్తుతున్న గంప దించి నిలబడ్డాడు, చెవులు ఇటే. నేను తిరిగి చెప్పాలి. అంతకు ముందు ఎన్ని వందల మాటలు మోశానో, ఒక్కటి కూడా అంత బరువు లేదు. మా గింజ పోయింది అన్న మాట దగ్గర కంచె కర్ర పట్టుకున్నాను. ఎలాగో పూర్తిచేశాను. ఏమీ కలపలేదు. కలపడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

"ఇస్తా అని చెప్పు" అన్నాడు పెద్దనాయన. అంతే. ఎందుకు పోయిందని అడగలేదు.

మృగశిర కార్తె వచ్చి రెండు వానలు పడ్డాక, గింజ మూట నా చేతికి ఇచ్చాడు. బూడిద కలిపి పాత పంచె గుడ్డలో కట్టాడు. అమ్మ ఆ మూట కళ్ళకు అద్దుకుంది. నాయన నారుమడి దున్నడానికి పోయాడు. నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. మూటలోంచి ఇరవై గింజలు లెక్కపెట్టి తీసి, తడిగుడ్డలో చుట్టి, కొబ్బరి చిప్పలో పెట్టి పొయ్యి పక్కన వెచ్చగా దాచాను. మొలుస్తాయో లేదో చూడాలి కదా. మంచి గింజ తన కోసం ఉంచుకుని మాకు తాలు గింజ ఇచ్చాడేమో అని. అంతా అయ్యాక కూడా. ఆయన ఇచ్చిన గింజనే, ఆయన మీదే. పొద్దునొకసారి, మాపొకసారి గుడ్డ తడిపేదాన్ని. ఎవరైనా చూస్తారేమోనని చిప్ప మీద చేట బోర్లించేదాన్ని.

ఎనిమిదో రోజు పొద్దున, వాకిట్లో వెలుగున్న చోట కూర్చుని గుడ్డ విప్పి లెక్కపెడుతున్నాను. తెల్లటి మొలకలు, చీమ కాళ్ళంత. పద్దెనిమిది వరకు వచ్చాను. తల ఎత్తేసరికి పెద్దనాయన. నారుమడి తయారైందో లేదో కనుక్కోవడానికి వచ్చాడట. మాటలు ఆగిపోయాక మా వాకిట్లో అడుగుపెట్టడం అదే మొదలు. నాయన అరుగు మీద కూర్చుని కొడవలి నూరుతున్నాడు. గుడ్డ మూయబోయాను. చేతులు తడిగా ఉన్నాయి, చిప్ప దొర్లి గుడ్డ పూర్తిగా విప్పుకుంది. దాచడానికి ఏం మిగల్లేదు.

పెద్దనాయన వంగి ఆ మొలకలను చూశాడు. నాయన కూడా చూశాడు, నూరడం ఆపేశాడు. నాయన మొహం చూడలేక తల దించుకున్నాను. పెద్దనాయన నాతో ఏదో అంటాడని కాచుకున్నాను. తిట్టినా పడాలనుకున్నాను. ఆయన నన్ను దాటుకుని వెళ్ళి నాయన ఎదురుగా నిలబడ్డాడు.

"మీ బిడ్డకు చెప్పు తమ్మీ. నేను గూడ ఇట్లనే మొలక కట్టి చూసినంకనే ఇచ్చిన. ఇవి మొలవకపోతే, ఉడకబెట్టి ఇచ్చిండు అంటదేమో అని భయమైంది."

రెండేళ్ళ తరువాత అన్న నోటి నుంచి తమ్ముడి చెవికి నేరుగా పడ్డ మొదటి మాట అది. నేను వాళ్ళకు రెండడుగుల దూరంలో ఉన్నాను. ప్రతి అక్షరం వినపడింది.

నాయన కొడవలి పక్కన పెట్టాడు. నా వైపు తిరిగాడు. "మీ పెద్దనాయన గూడ మొలక కట్టి చూసినంకనే ఇచ్చిండంట. మొలవకపోతే, ఉడకబెట్టి ఇచ్చిండు అని నువ్వంటవేమో అని భయమైందంట" అని చెప్పాడు. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీయలేదు.